సెలీనమ్మ గిటార్ కచేరీకి వెళ్లిన రోజు

"ఆంథోనీ, మీ అప్పకి చెప్పు. కాఫీ ఆరిపోతా ఉండాది. ఇంగొకసారి కాచే పని నాది కాదు," అంది సెలీనమ్మ, వంటింటి గడప మీద నిలబడి.

ఆ అప్ప, అంటే ఆంథోనీ తండ్రి ఫెలిక్స్, ఎక్కడో దూరాన లేడు. అదే గడపకు నాలుగడుగుల అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గిటార్ తీగలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఊపిరితిత్తులు పాడైనా చెవులకు ఏ లోపమూ లేదు. అయినా ఆంథోనీ చదువుతున్న పేపర్ మడిచి, అలవాటు ప్రకారం, "అప్పా, కాఫీ ఆరిపోతా ఉండాదంట," అన్నాడు.

"తెస్తే తాగుతానని చెప్పు," అన్నాడు ఫెలిక్స్.

"అమ్మా, తెస్తే తాగుతాడంట."

"కాళ్లు లేవా అని అడుగు."

"అప్పా, కాళ్లు..."

"కాళ్లుండాయి, ఊపిరే లేదని చెప్పు."

పెరట్లో బట్టలు పిండుతున్న ఆంథోనీ భార్య క్యాథరిన్ నవ్వింది. "ఈ ఇంట్లో ఫోన్లు యాలనో నాకి తెలీదు. ఈ మనిషొకడుంటే చాలు," అంటూ చేతులు తుడుచుకుని వచ్చి, కాఫీ గ్లాసు తనే తీసుకెళ్లి మామగారి చేతికిచ్చింది.

ఆంథోనీకి యాభై దాటాయి. వారమంతా చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో కరెంటు పని చూసుకుని ఇల్లు చేరతాడు. ఊళ్లో ఎన్నో వైర్లు కలిపాడు గానీ సొంత ఇంట్లో ఈ రెండింటినీ కలపడం అతని వల్ల కాలేదు. అతనికి ఎనిమిదేళ్లప్పుడు అమ్మ అప్పతో మాట్లాడటం మానేసింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

ఎందుకో బంగారు గని లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, అందరికీ తెలుసు. గని నడుస్తున్న రోజుల్లో లోపలికి దిగే ప్రతి మనిషీ ఆఫీసు కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకోవాలి. పైకొచ్చాక తిరిగి ఇచ్చేయాలి. బిళ్ల తిరిగి రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఒక రోజు ఫెలిక్స్ బిళ్ల తీసుకుని జేబులో వేసుకున్నాడు గానీ కింద దిగే కేజ్ ఎక్కలేదు. ఆఫీసర్ల క్లబ్బులో డాన్సుందని, గిటార్ వాయించడానికి వెనక దారిన జారుకున్నాడు. ఆ రాత్రే లోపల ఏర్ బ్లాస్ట్ అయింది. ఎక్కడో పాతాళంలో రాయి ఒత్తిడికి పగిలితే పైన ఇళ్లు అదిరి, అలమరలో గిన్నెలు కింద పడేవి. గిన్నెలు పడగానే ఆడవాళ్లంతా గనిలోకి దిగే షాఫ్ట్ గేటు దగ్గరికి పోయి, తమ మనిషి పైకొచ్చేదాకా నిలబడేవాళ్లు. సెలీనమ్మ కూడా ఆంథోనీ చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా నిలబడింది. కొందరు నడిచి వచ్చారు, కొందరిని మోసుకొచ్చారు. ఫెలిక్స్ మాత్రం ఆ గేటులో నుంచి రాలేదు. ఎండ ఎక్కాక రోడ్డు మీదుగా, భుజాన గిటార్‌తో, ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆమెకు కోపం రావడం న్యాయమేనని అందరూ అన్నారు. ఫెలిక్స్ కూడా అదే అన్నాడు. ఆంథోనీకి అర్థం కానిది ఒక్కటే. కోపమున్న మనిషి మొగుడికి జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చోదు. చేపల పులుసు చేసిన రోజు తల ముక్క తీసి పక్కన పెట్టదు. ఆమె ఇవన్నీ చేసేది. మాటే ఉండేది కాదు.

కాఫీ తాగడం అయ్యీ కాకముందే శశి వచ్చాడు. పక్క లైన్లో పెరిగిన కుర్రాడే, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. వచ్చీ రాగానే ఫెలిక్స్ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"అంకుల్, హాలు దొరికింది. మన పాత ఇన్‌స్టిట్యూట్ హాలే. వచ్చే ఆదివారం సాయంత్రం. డ్రమ్ములకి, బాస్ గిటార్‌కి ఇద్దరు పిల్లోళ్లు వస్తాండారు. మీరు సరే అంటే చాలు."

"ఏం కచేరీ శశీ?" అన్నాడు ఆంథోనీ. "అప్ప పాట ఎవురికి కావల్ల?"

"ఏమన్నా ఇట్లంటావు. బెంగళూరులో ఈయన వాయిస్తాంటే చదువుకున్నోళ్లు ఏడుస్తారు. బ్లూస్ వాయించేవాళ్లలో ఇంత పాతోళ్లు ఇంగెంతమంది ఉండారు?"

"వచ్చి కూసోని ఏడుస్తారా?"

"బ్లూస్ అంటే అదే కదన్నా. ఏడుపునే పాట చేసేది."

ఆంథోనీకి ఏమీ బోధపడలేదు. గని మూసేశాక అప్ప హోటళ్లలో వాయించేవాడని తెలుసు. జనం భోంచేస్తుంటే మూల కూర్చుని వాయించే పని అనుకున్నాడు. ఎప్పుడూ చూడటానికి పోలేదు. పోతే అమ్మకు ఎదురు నిలిచినట్టవుతుందని భయం.

"డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడు, పాడతాడంట," అంది క్యాథరిన్. "మామా, నువ్వు చిన్నపిల్లోడివా?"

"నేనెక్కేది మెట్లు కాదు కదమ్మా, స్టేజి," అన్నాడు ఫెలిక్స్. నవ్వబోతే దగ్గు వచ్చింది. గనిలో రాతి దుమ్ము మింగిన దగ్గు అది, ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. తగ్గాక అతను వంటింటి వైపు చూడకుండా, కొడుకు మొహమే చూస్తూ చెప్పాడు.

"ఇదే ఆఖరిది ఆంథోనీ. ఇంగ ఊపిరి రాదు. సెలీన్ వచ్చి కూసుంటే వాయిస్తాను. లేకపోతే లేదు. ఒక్క పారైనా ఆమె నా పాట ఇనల్ల."

ఆంథోనీ వంటింటి వైపు తిరిగాడు. ఈ మాటను అటు చేరవేయాల్సిన పని లేకుండానే వంటింటి తలుపు మూసుకుంది.

సాయంత్రందాకా ఆగి ఆంథోనీ ఆ తలుపు తోసుకుని లోపలికి పోయాడు. సెలీనమ్మ రాగిపిండి జల్లిస్తోంది.

"అమ్మా, ఒక గంట వచ్చి కూసోని పో. నిన్నెవురూ మాట్లాడమనేది లేదు."

"నేను రాను."

"యాల?"

"రాను అంటే రాను. క్యాథరిన్‌ని తీసుకోని పో."

"ఆయప్ప అడిగింది క్యాథరిన్‌ని కాదు."

సెలీనమ్మ జల్లెడ వేగంగా ఆడించింది. ఆంథోనీకి ఇన్నేళ్లూ గొంతులో ఉన్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

"నలభై ఏండ్లమ్మా. ఖూనీ చేసినోణ్ణి కూడా ఇన్నేండ్లు జైల్లో పెట్టరు. ఆయప్ప చేసిందేమి? ఒక రాత్రి గిటార్ వాయించినాడు. దానికి నేను ఎనిమిదేండ్లప్పటినుంచీ మీ ఇద్దరి మధ్య టపా మోస్తాండాను. నా పెండ్లి నాడు, పెండ్లికొడుకుని, సూట్ ఏసుకోని నిలబడుకోనుంటే నన్నే పంపించినావు, మీ అప్ప తిన్నాడా అడిగి రా అని. నాకి తమ్ముడూ లేడు, చెల్లీ లేదు. మాట లేని ఇంట్లో ఎట్ల పుడతారు?"

"నోరు మూసుకో ఆంథోనీ. కోడలు ఇంటాది."

"ఇననీ. డాక్టరు నాతో చెప్పినాడు, ఆయప్పకి దినాలు జాస్తి లేవని. పెట్టెలో పెట్టినాక ఏడ్చి మాట్లాడతావా?"

జల్లెడ ఆగిపోయింది. సెలీనమ్మ మొహం పాలిపోయింది.

"ఆ మాట ఎత్తబోకు."

"ఎత్తుతాను. ఆయప్ప చచ్చేదాకా పట్టుదలేనా నీకి?"

"ఆయప్ప బతికుండల్లనేరా నేను మాట్లాడకుండా ఉండేది," అంది సెలీనమ్మ. అని, తనే ఆ మాటకు జడిసినట్టు కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆంథోనీ అక్కడే నిలబడిపోయాడు. మాట్లాడకపోతే మనిషి బతకడం ఏమిటి? ముసలితనంలో అమ్మకు మతి చలించిందా? వెళ్లి క్యాథరిన్‌కు చెబితే ఆమె కూడా చీపురు పట్టుకుని ఆలోచించింది గానీ తేల్చలేకపోయింది. "కోపంలో ఏదో అనింటాది. నువ్వు కూడా పెట్టె గిట్టె అని అనబోకు పెద్దామెతో," అని మాత్రం చీవాట్లు పెట్టింది.

ఫెలిక్స్ ఏమీ అడగలేదు. అన్నీ వినే ఉంటాడు. శశికి ఫోన్ చేసి, "వద్దులే శశీ, పోస్టర్లు అంటించబోకు," అని చెప్పాడు. తర్వాత గిటార్‌ను పెట్టెలో పెట్టి, గడియలు బిగించి, మంచం కిందికి తోశాడు. తోసేటప్పుడు వంగలేక ఒక చెయ్యి నేలకు ఆనించి ఆయాసపడ్డాడు. పెరటి తలుపు దగ్గర నుంచి సెలీనమ్మ అది చూసింది.

మర్నాడు పొద్దున ఆమె క్యాథరిన్‌ను పిలిచి, చర్చికి కట్టుకునే బూడిద రంగు చీర ఇస్త్రీ చేయించమంది.

"ఎందుకత్తా, పండగేమీ లేదే."

"ఆ పాటల కాడికి వస్తాను. తలుపు పక్కన కూసుంటాను. నన్నెవురూ పలకరించబోకండి, నన్నేమీ అడగబోకండి. మీ మామకి చెప్పమని ఆంథోనీకి చెప్పు."

ఆ కబురు అందగానే ఫెలిక్స్ శశికి మళ్లీ ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రానికి హాలు నిండింది. ముందు వరసల్లో బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు, చిరిగిన ప్యాంట్లూ నల్ల చొక్కాలూ. వెనక వరసల్లో లైన్ల జనం, ఎక్కువగా ముసలివాళ్లే. ఫెలిక్స్ మనవాడు కదా, చూసిపోదామని వచ్చినవాళ్లు. సెలీనమ్మ అన్నట్టే తలుపు పక్క కుర్చీలో, జపమాల చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆంథోనీ మధ్యలో, క్యాథరిన్ పక్కన కూర్చున్నాడు. అప్ప మందు సీసా ఆమె సంచిలో ఉంది.

తెర లేదు, దండలు లేవు. ఫెలిక్స్ ఇంట్లో వేసుకునే చొక్కాతోనే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ కాసింత నడకకే రొప్పుతున్నాడు. అప్ప ఇప్పుడు ఇంతమంది ముందు దగ్గుతాడు, పరువు పోతుంది అనుకున్నాడు ఆంథోనీ. అంతలో ఫెలిక్స్ ఒక తీగ మీటి, దాన్ని వేలితో పక్కకు వంచాడు. ఆ స్వరం నిటారుగా నిలవకుండా, ఏడవబోయి ఆపుకున్న మనిషి గొంతులా వంగి, లేచి, హాలంతా తిరిగింది.

ఆంథోనీకి చర్చిలో కీర్తనలు తెలుసు, సినిమా పాటలు తెలుసు. ఇది రెండూ కాదు. అప్ప గొంతు కంకర మీద పార ఈడ్చినట్టుంది. ఏదో ఇంగ్లీషు. అప్ప ఆ మాటల్ని నమిలి మింగుతుంటే ఒక్కటీ అందడం లేదు. ముందున్న పిల్లలు కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. పాట అయిపోయిందనుకుని ఆంథోనీ చప్పట్లు కొట్టబోతే అవలేదు. అవలేదనుకుని ఊరుకుంటే అందరూ కొట్టారు.

"ఇది బాగుండాదా?" అని క్యాథరిన్ చెవిలో అడిగాడు.

"తెలీదు," అంది క్యాథరిన్, కళ్లు ఒత్తుకుంటూ.

అప్పుడు ఆంథోనీ ఒకటి గమనించాడు. అప్పకు ఒక్క వాక్యానికి సరిపడా ఊపిరి లేదు. సగం పాడి ఆపేస్తున్నాడు. మిగతా సగం గిటార్ చెబుతోంది. అతను అనలేకపోయిన మాటను అది అందుకుని జనానికి చేరవేస్తోంది. నేను ఇన్నేళ్లు చేసిన పనే కదా ఇది, అనుకున్నాడు ఆంథోనీ. నేనే ఇంత బాగా చేరవేసి ఉంటే ఇంట్లో ఎప్పుడో మాటలు వచ్చేవేమో. వింత ఆలోచన, నవ్వు రావాల్సింది. కళ్లలో నీళ్లొచ్చాయి.

నాలుగో పాటో అయిదో పాటో, బాస్ గిటార్ కుర్రాడు ఉత్సాహం కొద్దీ శబ్దం పెంచాడు. అతని స్పీకర్ చెక్క నేల మీదే పెట్టి ఉంది. ఒక్కసారి అతనూ డ్రమ్ముల కుర్రాడూ కలిసి బలంగా కొట్టేసరికి నేల కింద నుంచి ఒక మూలుగు లేచింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. రేకుల కప్పు అదిరి, ఎప్పటి దుమ్మో జనం తలల మీద రాలింది.

ముందు వరసల పిల్లలు కేరింతలు కొట్టారు. వెనక వరసల్లో ముసలమ్మలు లేచి నిలబడ్డారు.

పరుగులు లేవు, కేకలు లేవు. కొంగులు తల మీదికి లాక్కుని, చెప్పుల్లోకి కాళ్లు దూర్చి, ఒకరి వెనక ఒకరుగా తలుపు వైపు నడిచారు. ఆంథోనీ పక్క వరసలో కూర్చున్న నాగరత్నమ్మ కూడా లేచింది. ఆమె మొగుడు గనిలోనే పోయాడు, ఇప్పుడు వెతకడానికి ఎవరూ లేరు. అయినా కాళ్లు నడిచిపోతున్నాయి. పాట నచ్చక పోతున్నారేమోనని శశి బిత్తరపోయి, "ఏమైంది పెద్దమ్మా, యాడికి?" అని అడ్డం వచ్చాడు. నాగరత్నమ్మ అతన్ని పక్కకు తోసి, "గేటు కాడికి," అంది. అనేసి, ఎక్కడున్నదీ తెలిసి, సిగ్గుపడి నిలబడిపోయింది. గని మూసి ఎన్నేళ్లయిందో ఆ కాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆంథోనీ తలుపు వైపు చూశాడు. అందరికంటే ముందు బయట ఉండాల్సింది అమ్మే. తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె బయటా లేదు.

సెలీనమ్మ ఎదురు నడుస్తోంది. తలుపు వైపు వచ్చే ఆడవాళ్లను భుజంతో తోసుకుంటూ స్టేజి వైపు పోతోంది. కళ్లు మూసుకుని వాయిస్తున్న ఫెలిక్స్ ఆమెను చూడలేదు. మోకాలెత్తున్న ఆ స్టేజి అంచు పట్టుకుని, చెయ్యి చాచి అతని ముంజేయి గట్టిగా పట్టుకుంది. పాట తెగిపోయింది.

"ఫెలిక్సూ, పైకొచ్చినావా?"

మైకులో ఆ మాట హాలంతా వినిపించింది.

ఫెలిక్స్ కళ్లు తెరిచాడు. నలభై ఏళ్ల తర్వాత తన పేరు ఆ నోట విన్నాడు.

"వచ్చినాను సెలీన్," అన్నాడు. "పైనే ఉండాను."

సెలీనమ్మ అతని చేతిని తడిమి చూసింది. తర్వాత చుట్టూ చూసింది, దీపాలు, డ్రమ్ములు, నోరు తెరుచుకుని చూస్తున్న పిల్లలు. ఏం చేసిందో అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుని, పక్క తలుపులో నుంచి వెనక్కి పోయింది.

ఆంథోనీ, క్యాథరిన్ ఆమె వెనకే పోయారు. హాలు వెనక మెట్ల మీద కూలబడి ఉంది. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు, ఎదురుగా, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ ఎర్రగా మెరుస్తోంది.

"మాట్లాడేసినాను రా," అంది.

"మంచిదే కదమ్మా. దానికి యాల ఏడుస్తావు?"

"మంచిది కాదు. ఆయప్ప ఇంగ పోతాడు. ఇన్నేండ్లు కాపాడుకోని, నా నోటితో నేనే చంపేసినాను."

గోడ పట్టుకుంటూ ఫెలిక్స్ వచ్చాడు. క్యాథరిన్ మందు తీస్తే వద్దన్నాడు. సెలీనమ్మ అతని వైపు చూడలేదు. కొడుకు మొహం చూస్తూ చెప్పింది.

"ఆ పొద్దు పనికి పొయ్యేటప్పుడు గొడవైంది. గిటార్ గురించే. నేను అనరాని మాట అనేసినాను. దిగినోడివి దిగినట్లే ఉండిపో, పైకి రాబోకు, పీడా పోతాది అన్నాను. ఆ రాత్రే భూమి అదిరింది. గేటు కాడ ఒక్కొక్కరే వస్తాండారు, ఈ మనిషి రాలేదు. నా నోరే మింగిందని తెలిసిపోయింది. మాతకి మొక్కినాను. తల్లీ, ఆయప్పని పైకి తెచ్చియ్యి, ఇంగ ఈ నోటితో ఆయప్పతో మంచీ మాట్లాడను, చెడ్డా మాట్లాడను అని. తెల్లారి వచ్చినాడు."

గేటు దగ్గర అమ్మ పెదాలు కదలడం ఆంథోనీకి గుర్తుంది. జపమాల చెబుతోందనుకున్నాడు ఇన్నాళ్లూ.

"అమ్మా, అప్ప లోపలే లేడు కదా. నువ్వు మొక్కేటప్పటికి క్లబ్బులో ఉండాడు. మొక్కకముందే పైన ఉండాడు."

"మాతకి ముందూ ఎనకా ఏందిరా? నేను మొక్కుతానని ఆయమ్మకి తెల్సు. అందుకే ఆయప్పని కేజ్ ఎక్కనీలేదు."

స్విచ్ వేయకముందే లైటు ఎలా వెలిగిందమ్మా అని అడగాలనుకున్నాడు ఆంథోనీ. అమ్మ మొహం చూసి అడగలేకపోయాడు.

ఫెలిక్స్ ఒక మెట్టు కింద, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"కోపం కాదా సెలీన్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పు. ఒకటి మాట్లాడినా అంతే, పది మాట్లాడినా అంతే కదా."

"కోపం రెండు దినాల్లోనే పోయింది," అంది సెలీనమ్మ, చాలా చిన్నగా.

ఫెలిక్స్ దిబ్బ వైపు చూశాడు. అతని ఛాతీలో ఈల వినబడుతోంది. "నేనొకటి అడుగుతాను," అన్నాడు ఆఖరికి. "మాతకి ముందూ ఎనకా లేదంటివి."

"లేదు."

"నువ్వు మొక్కకముందే మొక్కుతావని తెల్సు."

"తెల్సు."

"అట్లయితే ఈ పొద్దు నువ్వు మాట తప్పుతావని కూడా ఆ పొద్దే తెల్సు ఆయమ్మకి. తెల్సీ నన్ను పైన పెట్టింది. ఇంగ నన్ను తీసుకోని పొయ్యేది ఈ దగ్గు సెలీన్, నీ మాట కాదు."

సెలీనమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపి అతన్నే చూసింది. ఆ మాటలో ఎక్కడైనా తప్పుందేమోనని వెతుకుతున్నట్టు ఆమె పెదాలు కదిలాయి. దొరికినట్టు లేదు. మొహం మీది భయం మెల్లగా పోయి, దాని స్థానంలో వేరేది వచ్చింది.

"ఇంత తెలివుండేవాడివి ఇది అప్పుడే యాల చెప్పలేదు?"

"నువ్వు చెప్తే కదా నాకి తెల్సేది."

"చెప్పల్లంటే మాట్లాడల్ల కదా."

"వీడుండాడు కదా, వీడితో చెప్పించల్ల."

"మొక్కుని ఇంగొకరికి చెప్తే ఫలం ఉండదని మా అమ్మ చెప్పింది."

క్యాథరిన్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. తిరిగి ఏడ్చింది. ఆంథోనీకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అమ్మ ఆ భయాన్ని ఒక్కతే మోసింది, అప్ప ఆ శిక్షను ఒక్కడే మోశాడు, ఒకే కప్పు కింద. ఇంత పెద్ద ప్రేమ మనుషులకు ఏం మేలు చేసిందో, ఏం చెడు చేసిందో అతనికి లెక్క తేలలేదు. నలభై ఏళ్ల ఆ ఇంటి మౌనంలో తను కోపం అనుకున్నదేదీ కోపం కాదని మాత్రం తెలిసింది. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, చిన్నప్పుడు గేటు దగ్గర పట్టుకున్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టె మాట అనేసినాను, మనసులో పెట్టుకోబోకమ్మా," అన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

లోపల జనం గోల చేస్తున్నారు. శశి తొంగి చూసి వెనక్కి పోయాడు.

"ఆ ఇంగ్లీషు పాటల్లో ఏమంటాండావు?" అంది సెలీనమ్మ ఉన్నట్టుండి. "పిల్లోళ్లు అట్ల ఏడుస్తాండారు."

ఫెలిక్స్ తల గోక్కున్నాడు. "నా ఇంటిది నాతో మాట్లాడదు అని."

"ఒక్క పాటలోనా?"

"అన్నీ అవే. తిప్పి తిప్పి అదే చెప్తాను."

"ఊరూరా నా గురించి చెప్పుకోని తిరిగినావన్నమాట."

"ఇంగ్లీషులోనే కదా." ఫెలిక్స్ మెట్టు పట్టుకుని లేచాడు. "ఇప్పుడు నువ్వు మాట్లాడేసినావు. లోపలికి పోయి ఇంగ నేనేం పాడేది?"

సెలీనమ్మ కూడా లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నాకేం తెల్సు. ఏం పాడతావో గానీ, తెలుగులో పాడు. నాకీ అర్థం కావల్ల," అని ముందు నడిచింది.

తలుపు దగ్గరికి పోయిన ముసలమ్మలంతా తిరిగొచ్చి కూర్చున్నారు. ముందు వరసలో ఒక పిల్లాడు లేచి సెలీనమ్మకు కుర్చీ ఇచ్చాడు. ఫెలిక్స్ స్టూలు మీద కూర్చుని చాలాసేపు తీగలు బిగించుకున్నాడు. తెలుగులో పాట కట్టడం అతనికి కొత్త. ఆఖరికి ఒక మాట అన్నాడు, పాటలాగా కూడా లేదు.

"ఒక ఊర్లో ఒకామె ఉండె..."

అక్కడికి ఊపిరి అయిపోయింది. గిటార్ అందుకునేలోపే, ముందు వరసలో నుంచి, కథ వినే మనిషిలా, సెలీనమ్మ గట్టిగా ఊఁ కొట్టింది.